బరువైన రేజరుతో మెడ దగ్గరే ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. చిత్తూరులో ఉంటాను. మా నాయన ఏళ్ల తరబడి వాడిన అల్యూమినియం సేఫ్టీ రేజరుతోనే నేనూ గడ్డం గీసుకోవడం నేర్చుకున్నాను. మొన్న సంక్రాంతికి మా బావమరిది స్టీలు రేజరు ఒకటి బహుమతిగా ఇచ్చాడు. తెలిసినవాళ్ల నగల అంగడిలో రెండింటినీ తూచి చూస్తే నాయనది 38 గ్రాములు, కొత్తది 118 గ్రాములు ఉన్నాయి. పొడవు నాయనది 8 సెంటీమీటర్లు, కొత్తది 10. పిడి చివర రెండు వేళ్లతో పట్టుకుని, ‘బరువే పని చేస్తుంది, నువ్వు నొక్కకు’ అని బావమరిది నేర్పించాడు. చెంపల మీద ఆ మాట నిజమే అనిపించింది. మెడ మీద మాత్రం నేను కింది నుంచి పైకి గీస్తాను. అక్కడా, దవడ కిందా వారానికి రెండు మూడుసార్లు తెగుతోంది, మరునాటికి ఎర్రటి పొక్కులు లేస్తున్నాయి. పాత రేజరుతో ఈ బాధ లేదు కానీ, చుబుకం మీద వెంట్రుకలు గట్టిగా ఉన్న చోట అది ఆగి ఆగి నడుస్తుంది. రేజరు ఎంత బరువుంటే మంచిది? కొత్తదాన్ని పక్కన పెట్టేయాలా?

సమాధానం: కొత్త రేజరును పక్కన పెట్టనవసరం లేదు, మరొకటి కొననవసరమూ లేదు. పట్టుకునే చోటు మార్చుకుంటే మీ బాధ చాలావరకు తీరుతుందని నా నమ్మకం. మీరు శ్రద్ధగా గమనించి రాసిన సంగతిలోనే దానికి ఆధారం ఉంది. రేజరు ఒకటే, బ్లేడు ఒకటే, చేయి ఒకటే. అయినా చెంప మీద హాయిగా నడిచినది మెడ మీదికి వచ్చేసరికి కోస్తోంది. బరువు ఎక్కువ కావడమే తప్పయితే చెంప కూడా తెగి ఉండాలి. చెంపకూ మెడకూ మధ్య మారినవి రెండే: చర్మం ఎటు తిరిగి ఉందన్నది, చేయి ఎటు కదులుతోందన్నది. బరువు మాత్రం ఎప్పుడూ నేల వైపే లాగుతుంది. ఈ మూడూ కలిసివచ్చిన చోట రేజరు సుఖంగా నడుస్తుంది. కలిసిరాని చోట ఆ లోటును పూడ్చబోయి మణికట్టు తప్పు చేస్తుంది.

మీ బావమరిది చెప్పింది చాలామంది చెప్పే మాటే, మేలు కోరి చెప్పే మాటే. నొక్కవద్దన్న సగం పూర్తిగా నిజం. బరువే పని చేస్తుందన్న సగాన్ని మాత్రం కొంచెం విప్పి చూడాలి. అద్దం ముందు నిలబడినప్పుడు చెంప దాదాపు గోడలాగా నిట్టనిలువుగా ఉంటుంది. గోడకు తాకించి పట్టుకున్న వస్తువు బరువు గోడను నొక్కదు, గోడ వెంబడి కిందికి జారాలని చూస్తుంది. రేజరూ అంతే. 118 గ్రాముల బరువు మీ చెంప చర్మాన్ని నొక్కడం లేదు. కణత నుంచి దవడ దాకా కిందికి గీసేటప్పుడు ఆ గీతను ముందుకు నడుపుతోంది. చేయి తోయవలసిన పని తగ్గింది కనుక, తోయడంతో పాటు తెలియకుండా వచ్చే నొక్కుడు కూడా తగ్గింది. బరువు వల్ల చెంప మీద మీకు కలిగిన సుఖం ఇదే.

దీనికి తోడు జడత్వం ఉంది. బ్లేడు అంచు ఒక్కొక్క వెంట్రుకను తాకినప్పుడల్లా రేజరు వేగం కొద్దికొద్దిగా తగ్గాలి. వస్తువు బరువైన కొద్దీ దాని వేగం అంత సులభంగా తగ్గదు. చుబుకం మీద దట్టంగా, మొండిగా ఉన్న వెంట్రుకల మధ్య 38 గ్రాముల రేజరు తట్టుకుంటూ ఆగి ఆగి నడవడానికీ, 118 గ్రాములది ఒకే వేగంతో సాగిపోవడానికీ కారణం ఇదే. తేలిక రేజరు ఆగినప్పుడల్లా చేయి దానిని ముందుకు నెట్టుతుంది, ఆ నెట్టుడే గాటుగా మారుతుంది. మీ నాయన రేజరుతో గాట్లు పడలేదంటే, ఇన్నేళ్లలో మీ చేతికి దాని నడక అలవాటై ఉండాలి.

ఇప్పుడు మెడ సంగతికి వద్దాం. తల సమంగా ఉంచినప్పుడు దవడ కింది చర్మం నేల వైపు చూస్తుంది. అక్కడ రేజరు బరువు దాని తలను చర్మం నుంచి కిందికి, అంటే దూరంగా లాగుతుంది. చర్మానికి తాకించి ఉంచడానికే మీరు ఆ 118 గ్రాములను పైకి ఎత్తి పట్టాలి. ఎత్తడానికి పెట్టే బలం ఎక్కడ ముగిసిందో, నొక్కడానికి పెట్టే బలం ఎక్కడ మొదలైందో చేతి వేళ్లు సరిగ్గా చెప్పలేవు. 38 గ్రాములను ఎత్తి పట్టడంలో జరిగే పొరపాటు చిన్నది, 118 గ్రాములతో జరిగే పొరపాటు పెద్దది. మీరు నొక్కడం లేదని నిజాయితీగా అనుకుంటూనే అక్కడ నొక్కుతున్నారు.

ఈ బరువు, దిక్కుల సంబంధాన్ని నేను తిరుమల కల్యాణకట్టలో స్పష్టంగా చూశాను. తలనీలాలు ఇచ్చేవారు తల వంచి కూర్చుంటారు కనుక నడినెత్తి పైకి తిరిగి ఉంటుంది. కత్తి బరువు నేరుగా చర్మం మీద పడే చోటు అది. అక్కడ క్షురకులు వాడేది బ్లేడు మార్చుకునే తేలికైన మడత కత్తి. వేళ్లు బ్లేడుకు దగ్గరగా ఉంటాయి, పిడి పైకి లేచి వెనుక తూకంగా నిలుస్తుంది. కత్తి బరువంతా వేళ్ల మధ్యే నిలిచిపోతుంది కనుక చర్మం మీద ఎంత భారం పడాలన్నది పూర్తిగా ఆ చేతి వశంలో ఉంటుంది. రోజంతా ఎందరెందరి తలలో ఆ చేతుల కింద నున్నగా అవుతాయి. తేలికైన పనిముట్టు ప్రమాదకరమనీ, బరువైనది భద్రమనీ అనుకునేవారు ఒక్కసారి ఆ చేతులను చూడాలి. పనిముట్టును ఎక్కడ పట్టుకున్నారన్నదే వారి నేర్పులో మొదటి భాగం.

మీరు పట్టుకుంటున్నది పిడి చివర. అసలు చిక్కు అక్కడుంది. ప్రతి వస్తువుకూ బరువంతా ఒక్కచోట కూడినట్లు ప్రవర్తించే బిందువు ఒకటి ఉంటుంది. బడి పుస్తకాల్లో గరిమనాభి అని చదువుకున్నది అదే. కావడి మోసేవాడు భుజం మీద కర్రను ఆ చోటు చూసుకునే మోపుతాడు. జానెడు అటో ఇటో జరిగితే ఒక కడవ కిందికి, ఒక కడవ పైకి పోతుంది. రేజరులోనూ ఆ బిందువుకు ఎంత దూరంగా పట్టుకుంటే అంత తిప్పే బలం మీ వేళ్ల మీద పడుతుంది. మీ కొత్త రేజరుకు ఆ చోటు పైనుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఉందనీ, మీరు 8 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటున్నారనీ అనుకుందాం. పిడి అడ్డంగా ఉన్నప్పుడు తిప్పే బలం 118ని 3తో హెచ్చవేసినంత, అంటే 354. నాయన రేజరుకు తల భాగమే బరువు కనుక ఆ చోటు 3 సెంటీమీటర్ల దగ్గర, మీ వేళ్లు 5 దగ్గర ఉన్నాయనుకుంటే 38ని 2తో హెచ్చవేసినంత, 76. తూకంలో మూడు రెట్లు ఉన్న తేడా, మణికట్టు మీదికి వచ్చేసరికి నాలుగున్నర రెట్లు దాటింది. అదే కొత్త రేజరును గరిమనాభికి ఒక్క సెంటీమీటరు దూరంలో పట్టుకుంటే 354 కాస్తా 118కి దిగుతుంది. రేజరు బరువు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు, అయినా చేతికి అది మూడో వంతు శ్రమ మాత్రమే ఇస్తుంది.

ఈ తిప్పే బలం మణికట్టును అలసిపోయేలా చేయడంతో ఆగదు, బ్లేడు కోణాన్ని మారుస్తుంది. సేఫ్టీ రేజరుతో బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో నడవాలి. అంతకంటే చదునుగా ఉంటే బ్లేడు పైన బిగించే రేజరు మూత మాత్రమే చర్మం మీద జారుతుంది, వెంట్రుక తెగదు. అంతకంటే నిటారుగా లేస్తే బ్లేడు చర్మాన్ని గోకుతుంది. పిడి చివర పట్టుకున్నప్పుడు రేజరు తల ఎప్పుడూ కిందికి వాలాలనే చూస్తుంది. చెంప మీద కిందికి గీసేటప్పుడు పిడి కాస్త కిందికి వంగి ఉంటుంది. తల వాలితే పిడి అడ్డానికి దగ్గరవుతుంది, కోణం చదునవుతుంది. కాబట్టి జరిగే నష్టమల్లా కొన్ని వెంట్రుకలు మిగిలిపోవడమే. మెడ మీద పైకి గీసేటప్పుడు పిడి పైకి ఎత్తి ఉంటుంది. అదే తల అదే విధంగా వాలితే ఇక్కడ పిడి ఇంకా పైకి లేచి చర్మానికి దగ్గరవుతుంది, కోణం నిటారవుతుంది, బ్లేడు గోకడం మొదలుపెడుతుంది. తల వాలడం చెంప మీద మిమ్మల్ని కాపాడింది, మెడ మీద కోసింది. మీరు వర్ణించిన గాట్లూ పొక్కులూ దీనికి అచ్చంగా సరిపోతున్నాయి.

నేను కూడా ఈ తప్పే చేశాను. చాలా ఏళ్ల కిందట బరువు ఎక్కువైతే పనితనం ఎక్కువని నమ్మి, ఇత్తడితో చేసిన బరువైన రేజరు ఒకటి కొన్నాను. మూడు వారాలు మెడంతా మంటతో గడిచింది. బ్లేడ్లు మార్చాను, సబ్బు మార్చాను, చివరికి ఆ రేజరు నా చర్మానికి పడదని పెట్టెలో పెట్టేశాను. ఒకనాడు ముక్కు కింద ఇరుకు చోట గీయడానికి దాన్నే తీసి, పిడిని రేజరు తలకు ఆనుకుని పట్టుకున్నప్పుడు, చేతిలో ఏమీ లేనంత తేలిగ్గా అనిపించింది. అప్పటి నుంచి బరువు కంటే ముందు పట్టునే పరీక్షిస్తున్నాను.

మీరు చేయవలసింది కష్టమైనదేమీ కాదు. బ్లేడు తీసేసి రేజరును మామూలుగా బిగించండి. బ్లేడు ఒక గ్రాము కూడా ఉండదు కనుక అది లేకపోయినా తూకం మారదు. ఒక పెన్సిలును బల్ల మీద పెట్టి దానికి అడ్డంగా రేజరును ఉంచి, ఏ వైపూ ఒరగని చోటు దొరికే దాకా జరపండి. ఆ చోట పిడికి సన్నటి దారం రెండు చుట్లు చుట్టి ముడి వేయండి. ఇక చెంపల మీద కిందికి గీసేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ ఆ దారానికి కొంచెం కిందుగా, పిడి చివరి వైపు ఉండాలి. మెడ మీద పైకి గీసేటప్పుడు దారానికి పైన, రేజరు తల వైపు ఉండాలి. అలా పట్టుకుంటే ఇప్పుడు వాలేది తల కాదు, పిడి చివర. పైకి గీసే గీతలో పిడి కిందికి వాలడమంటే కోణం చదునుగా, అంటే క్షేమంగా ఉండడమే. ఈ ఒక్క అంగుళం మార్పు మొదటి నాలుగు రోజులు వింతగా ఉంటుంది. గీత కూడా చిన్నదవుతుంది, రెండు సెంటీమీటర్లకు మించకుండా సాగుతుంది. మెడ మీద అంతకంటే పొడవైన గీత అక్కరలేదు.

దవడ కిందికి వచ్చినప్పుడు రేజరును వంచడానికి బదులు తలను వెనక్కి వాల్చి, ఎడమ చేత్తో చర్మాన్ని కిందికి కొద్దిగా లాగి పట్టండి. నేల వైపు చూస్తున్న చర్మం అప్పుడు ముందుకు తిరుగుతుంది, చెంప లాగా నిలువవుతుంది. బరువును ఎత్తి పట్టవలసిన అవసరం చాలావరకు పోతుంది. పొక్కులు పూర్తిగా తగ్గే వరకు మెడ మీద పైకి గీయడం మానుకోవాలని కూడా కోరుతున్నాను. గీసుకున్న మరునాడు వేళ్లతో మెడ మీద అన్ని వైపులా నిమిరి చూడండి. నున్నగా తగిలే దిక్కు వెంట్రుకల వాలు, గరుకుగా తగిలేది ఎదురు. చాలామందికి మెడ మీద వాలు ఒకే తీరుగా ఉండదు. ఒక పక్క కిందికి, ఇంకో పక్క చెవి వైపుకు పోతుంది. మొదటి గీత వాలుకే ఉండాలి. ఎదురు గీత వల్ల వెంట్రుక చర్మం మట్టానికి కింద తెగి, తిరిగి పెరిగేటప్పుడు లోపలికే వంగి పొక్కు అవుతుంది. మీ పొక్కుల్లో కొన్ని ఇవే కావచ్చు. రెండు వారాలు ఇలా చేసినా తగ్గకపోయినా, చీము పట్టినా చర్మవైద్యునికి చూపించుకోవాలి.

మీరు అడిగిన ‘ఎంత బరువు’ అనే ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పడం సరికాదు. జర్మనీలోని సోలింగెన్‌లో తయారయ్యే మెర్కూర్ పొట్టి పిడి రేజరు 77 గ్రాముల దగ్గర ఉంటుంది. ఎందరికో అదే మొదటి రేజరుగా సరిపోయింది. స్టీలువి 100 దాటడం మామూలే. తేడా అంతా లోహంలో ఉంది: ఒక ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు, టైటానియం 4.5, స్టీలు 8కి కాస్త తక్కువ, ఇత్తడి ఎనిమిదిన్నర దాకా తూగుతాయి. ఒకే అచ్చులో అల్యూమినియంతోనూ స్టీలుతోనూ పోసిన రెండు రేజర్లకు తూకంలో మూడు రెట్ల తేడా రావడం అందుకే. అయినా ఆ రెండింటిలోనూ గరిమనాభి ఒకే చోట ఉంటుంది. నా అనుభవంలో వెంట్రుక మొండిగా, దట్టంగా ఉన్నవారికి 70 నుంచి 100 గ్రాముల మధ్య, తూకం తల వైపుకు ఉన్న రేజరు సుఖంగా ఉంటుంది. సన్నటి వెంట్రుక, సున్నితమైన చర్మం ఉన్నవారికి అంతకంటే తేలికైనదే నయం. చేయి వణికే పెద్దవారికి కొంచెం బరువు మేలు చేస్తుంది, వణుకును అది కొంత మింగేస్తుంది.

ఒక మాట మాత్రం మరువవద్దు. మీ రెండు రేజర్ల మధ్య తేడా బరువొక్కటే కాకపోవచ్చు. కింగ్ క్యాంప్ జిల్లెట్ 1904లో పేటెంటు పొందిన నాటి నుంచి ఈ రేజరు కిటుకంతా పలుచని బ్లేడును మూతకూ అడుగు పలకకూ మధ్య వంచి బిగించడంలోనే ఉంది. పలక అంచుకూ బ్లేడు అంచుకూ నడుమ ఉండే సందు, బ్లేడు బయటికి పొడుచుకు వచ్చే కొలత రేజరు రేజరుకూ మారతాయి. సందు ఎక్కువున్న రేజరు తేలికైనదైనా చురుగ్గా కోస్తుంది, తక్కువున్నది బరువైనదైనా మెత్తగా నడుస్తుంది. రెండింటినీ పక్కపక్కన వెలుతురులో పట్టి చూడండి. బ్లేడు బిగించాక రెండు పక్కలా అంచు సమంగా కనిపిస్తోందో లేదో కూడా చూడండి. ఒక పక్క ఎక్కువ పొడుచుకు వచ్చి ఉంటే విప్పి మళ్లీ బిగించాలి. పోలిక న్యాయంగా ఉండాలంటే రెండింటిలోనూ ఒకే రకం కొత్త బ్లేడు వేసి, వారం ఒకదానితో, వారం మరొకదానితో గీసి చూడాలి.

నీళ్ల సంగతి తిరుపతిలో ఉండే నాకు బాగా తెలుసు, చిత్తూరులో మీకు ఇంకా బాగా తెలిసి ఉంటుంది. బోరు నీళ్లలో సబ్బు నురగ కట్టదు, కట్టినా క్షణంలో విరిగి సున్నంలా మిగులుతుంది. నురగ పలుచనైన చోట బరువైన రేజరు చర్మాన్ని పట్టి లాగుతుంది. తాగడానికి తెచ్చుకునే నీళ్లలో ఒక్క గ్లాసు నురగకు కేటాయిస్తే చాలు. ముఖం కడగడానికి మాత్రం ఏ నీళ్లైనా ఫరవాలేదు. గడ్డాన్ని గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు నాననివ్వండి, నానిన వెంట్రుకను కోయడానికి చాలా తక్కువ బలం సరిపోతుంది. ఇక తడి వేళ్ల మధ్య నునుపైన స్టీలు పిడి జారడం ఒక ప్రమాదం, తలకు దగ్గరగా పట్టుకునే కొత్త పద్ధతిలో మరీను. పటిక ముక్కను తడిపి వేళ్ల కొనలకు రుద్దుకుంటే పట్టు నిలుస్తుంది. గాటు పడినప్పుడు నెత్తురు ఆపడానికీ ఆ పటికే పనికొస్తుంది. నాలుగైదు సార్లు వాడిన బ్లేడును ఇంకా లాగించాలని చూడవద్దు. తీసేసిన బ్లేడ్లను చెత్తబుట్టలో వేయకుండా మూత బిగించిన రేకు డబ్బాలో పోగు చేయండి, చెత్త ఎత్తే మున్సిపాలిటీ కార్మికుల చేతులు తెగకుండా ఉంటాయి.

ఇంత చేసినా పది సెంటీమీటర్ల స్టీలు మీ చేతికి బరువుగానే అనిపిస్తే అప్పుడు కూడా రేజరును మార్చవద్దు, పిడిని మార్చి చూడండి. మూడు భాగాలుగా విడిపోయే నేటి రేజర్లలో చాలావాటికి మర ఒకే కొలతలో, 5 మిల్లీమీటర్ల మందంతో ఉంటుంది. ఏడున్నర సెంటీమీటర్ల పొట్టి అల్యూమినియం పిడి తగిలిస్తే మొత్తం తూకం తగ్గడమే కాదు, గరిమనాభి కూడా తల వైపుకు జరుగుతుంది. మీ నాయన రేజరు పిడే సరిపోతుందేమో ముందు ప్రయత్నించవచ్చు. కానీ పాత వాటి మర కొలత వేరుగా ఉండే అవకాశం ఉంది. మొదటి రెండు మూడు చుట్లు వేళ్ల కొనలతోనే తిప్పండి. అడ్డం పడితే అక్కడే ఆపేయండి, అల్యూమినియం మర ఒకసారి అరిగిందంటే ఆ రేజరు ఇక బిగియదు.